ఈసారి విమానం వద్దంటున్నాను, ఎందుకో చెబుతాను



ఇది కొంచెం పొడవైన పోస్టు. ఆదివారం కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే కింద రాయండి, చదువుతాను. మా ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడతో మాత్రం చెప్పకండి. ఆమె ఇప్పటికే సింగపూర్ కోసం సూట్‌కేసు చూసి పెట్టుకుంది.

విషయం మీకందరికీ తెలిసిందే. ఈ ఏడు విహారయాత్రకు సింగపూర్ వెళ్దామని టూర్ కమిటీ ప్రతిపాదన పెట్టింది. మన కోయంబత్తూరు నుంచే నేరుగా విమానం ఉంది. 5 రోజులు, 60 మంది పేర్లిచ్చారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. నేను వద్దని చెయ్యెత్తుతాను. ఎందుకు ఎత్తుతున్నానో ముందే చెప్పడం మర్యాద అనిపించి ఇది రాస్తున్నాను. కమిటీలో ఉన్నవాళ్లు నెలల తరబడి తిరిగి, పది మందితో బేరాలాడి ఈ ప్లాన్ తెచ్చారు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవమే. నా అభ్యంతరం డబ్బు గురించి కూడా కాదు. ఎవరి డబ్బు వాళ్లది.

నా అభ్యంతరం కార్బన్ గురించి. ఆ మాట వినగానే కొందరు పేజీ తిప్పేస్తారని తెలుసు. మిల్లులో మెయింటెనెన్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఏ మెషిను ఎంత తింటుందో లెక్క వేయకపోతే నాకు నిద్ర పట్టదు. కాబట్టి ఉపన్యాసం పక్కన పెట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డీజిలైతే 2.7 కిలోల దగ్గర. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో కదా, రెండు కిలోల పైన వాయువు ఎలా వచ్చిందని మా మనవడు అడిగాడు. మంచి ప్రశ్న. పెట్రోలులోని కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. బరువు అక్కణ్ణుంచి వస్తుంది. విమానం తాగే కిరోసిన్ కిలో కాలిస్తే 3.16 కిలోలు వస్తుంది.

ఇప్పుడు సింగపూర్ లెక్క. ఇక్కణ్ణుంచి సుమారు 3,150 కిలోమీటర్లు, నాలుగు గంటల పైన ప్రయాణం. ఈ దారిలో తిరిగే చిన్న జెట్ విమానం ఒక వైపుకు 10 టన్నుల ఇంధనం కాలుస్తుందనుకుందాం. అంటే సుమారు 32 టన్నుల కార్బన్ డయాక్సైడ్. విమానంలో 160 మంది కూర్చుంటే తలకు 200 కిలోలు. రానూ పోనూ 400 కిలోలు. మన 60 మందికి 24 టన్నులు. ఎత్తులో విమానం వెనక ఏర్పడే తెల్లటి చారలు కూడా వేడిని పట్టి ఉంచుతాయని శాస్త్రవేత్తలు చెబుతారు. దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

దీని పక్కన ఊటీ లెక్క పెట్టండి. అదే 60 మంది రెండు డీజిల్ బస్సుల్లో ఊటీకి వెళ్లి, నాలుగు చోట్లు చూసి వచ్చారనుకుందాం. ఒక్కో బస్సు 220 కిలోమీటర్లు తిరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద లీటరుకు మూడున్నర కిలోమీటర్లు వస్తే 63 లీటర్లు. రెండు బస్సులకీ కలిపి 340 కిలోల కార్బన్. ఇప్పుడు 24,000ని 340తో భాగించండి. 70 వస్తుంది. అంటే మన సంఘం ఏటా ఒకసారి చొప్పున 70 ఏళ్లు బస్సులో ఊటీకి వెళ్లినా, ఈ ఒక్క సింగపూర్ ప్రయాణంలో వదిలేంత కార్బన్ వదలదు.

ఇంకో కొలత. మన దేశంలో మనిషి సగటున ఏడాది మొత్తంలో వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. వంట, కరెంటు, బస్సు, ఇంటికి వాడిన సిమెంటు, మిల్లు, ఫ్యాక్టరీ అన్నీ అందులోనే. 5 రోజుల యాత్రలో విమానం సీటు ఒక్కటే దానిలో అయిదో వంతు తినేస్తుంది.

సరే, ఒక్క సంఘం సంగతి పక్కన పెట్టి ప్రపంచం వైపు చూద్దాం. 2024 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకుల ఆధ్వర్యంలో జరిగింది. 2009 నుంచి 2019 దాకా పర్యాటకం వల్ల వచ్చే ఉద్గారాలు ఏడాదికి 3.5 శాతం చొప్పున పెరిగాయట. అదే కాలంలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మొత్తం ఉద్గారాలు పెరిగింది ఏడాదికి 1.5 శాతమే. అంటే మిగతా పనులకంటే రెండింతల వేగంతో విహారం కార్బన్ పెంచింది. 2019 నాటికి అది ప్రపంచం మొత్తంలో దాదాపు 9 శాతం. ఈ పెరుగుదలలో 60 శాతం మూడు దేశాలదే. అమెరికా, చైనా, మూడోది మనం.

ఆ అధ్యయనంలో నన్ను ఆపిన అంశం ఇంకొకటుంది. ఆ పదేళ్లలో విమానాలు మెరుగయ్యాయి, కార్లు మెరుగయ్యాయి, హోటళ్లు ఎల్‌ఈడీ బల్బులు పెట్టాయి. అన్నీ కలిపినా ఆదా అయింది ఏడాదికి అర శాతం కూడా లేదు. ప్రయాణాల గిరాకీ మాత్రం ఏడాదికి 4 శాతం దగ్గర పెరుగుతూ పోయింది. బిందెకు చిల్లు పడితే చిన్న గుడ్డపీలిక కట్టి, ఇంకో పక్క చిల్లు పెద్దది చేసుకుంటూ పోయినట్టుంది సంగతి.

హోటల్ బాత్రూములో ఒక అట్ట ఉంటుంది, చూసే ఉంటారు. తువ్వాలు మళ్లీ వాడితే భూమిని కాపాడినట్టేనని రాసి ఉంటుంది. తువ్వాలు మళ్లీ వాడండి, మంచిదే. కానీ మూడు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి ఒక తువ్వాలు ఉతకకుండా ఆపడం ఎంత పుణ్యమో మీరే చెప్పండి. విహారయాత్రల్లో కార్బన్ గదిలో కన్నా దారిలో ఎక్కువ ఉంటుంది. దారి ఎంత పొడవు, ఆ దారిని దేనిలో దాటాం, ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెబితే ముప్పాతిక లెక్క తేలిపోతుంది.

మన కుటుంబాల్లోనే చూడండి. మా తాతగారి రోజుల్లో యాత్రంటే పేరూరు, మరుదమలై. బండి కట్టుకుని వెళ్లేవారు. నాన్న తరానికి పళని, తిరుపతి, బస్సూ రైలూ. మన తరం ఊటీ, గోవా, కాశీ. పిల్లల తరానికి బాలీ, దుబాయి, స్విట్జర్లాండు. ఆనందం ఇన్ని రెట్లు పెరిగిందని ఎవరైనా చెప్పగలరా? దూరం మాత్రం తప్పకుండా పెరిగింది. సంపాదన పెరిగిన కొద్దీ మనం ఎక్కువ రోజులు ఉండి రావడం లేదు, ఎక్కువ దూరం పోయి తక్కువ రోజుల్లో తిరిగి వస్తున్నాం. 2024లో మన దేశం నుంచి విదేశాలకు వెళ్లిన ప్రయాణాలు 3 కోట్లు దాటాయి. దూరపు కొండలు నునుపని సామెత చెప్పినవాళ్లకు విమానం టికెట్టు రేట్లు తెలియవు గానీ మనిషి స్వభావం బాగా తెలుసు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక మాట అంటారు. దేశం పేదగా ఉన్నప్పుడు పెరుగుదల కోసం కొంత కాలుష్యం తప్పదు, ధనం వచ్చాక జనం శుభ్రమైన గాలి కోరతారు, టెక్నాలజీ వస్తుంది, కాలుష్యం దానంతటదే దిగుతుంది అని. దీనికి అర్థశాస్త్రంలో కుజ్నెట్స్ వక్రరేఖ అని పేరు. బోర్లించిన గిన్నె ఆకారంలో గీస్తారు. 1990ల మొదట్లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల పనితో ఈ ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. పర్యాటకం, ఆర్థిక వృద్ధి, కార్బన్ మీద వచ్చే పరిశోధనా పత్రాల్లో సగం ఈ గిన్నె కోసం వెతుకుతూనే ఉంటాయి.

ఆ మాటలో కొంత నిజం ఉంది. పొగ, మసి, గంధకం లాంటివి చాలా దేశాల్లో అలాగే తగ్గాయి. ఎందుకంటే మసి మన ముక్కులోకే వస్తుంది, మన బట్టలే పాడు చేస్తుంది. డబ్బున్నవాడు ఊరుకోడు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇక్కడ వదిలితే ఊరూ పేరూ తెలియని చోట వాన రూపంలోనో ఎండ రూపంలోనో పడుతుంది. అందుకే అది డబ్బుతో పాటు దానంతటదే దిగిపోదు. దించాలని కూర్చుని నిర్ణయిస్తేనే దిగుతుంది.

దీనికి మన కోయంబత్తూరు కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఈ ఊరి మిల్లుల్లో ఎన్నింటిని తెలుగువాళ్లు పెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మిల్లులు 1930ల్లో అన్నేసి ఎలా లేచాయి? 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు మొదలైంది. ఆ కరెంటు కొండ దిగి మన ఊరికి వచ్చింది. బొగ్గు బాయిలర్ల అవసరం లేకుండానే కదుర్లు తిరిగాయి. అంటే మన తాతల సంపదలో సగం కొండ మీద కురిసిన వాన. తర్వాత 1990ల నుంచి ఏమైంది? కరెంటు కోతలు, బిల్లులు భరించలేక మిల్లుల వాళ్లే పల్లడం, ఉడుమలైపేట వైపు గాలిమరలు పెట్టుకున్నారు. ఈ రోజు తమిళనాడులో గాలి కరెంటు సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. దానిలో మన ఊరి నూలు మిల్లుల చెయ్యి చాలా ఉంది.

ఈ కథ చెప్పింది గొప్పకు కాదు. నూలు తీయడానికి కావలసిన కరెంటుకు బదులు వేరే కరెంటు దొరికింది. బొగ్గు కరెంటైనా గాలి కరెంటైనా నూలు ఒకటే. అందుకని అక్కడ వృద్ధినీ కార్బన్‌నూ విడదీయగలిగాం. విమానానికి అలాంటి బదులు ఇంకా చేతికి రాలేదు. పచ్చ ఇంధనం అని ఒకటి వస్తోంది నిజమే. అంతర్జాతీయ విమానాల్లో 2027 నాటికి 1 శాతం, 2028 నాటికి 2 శాతం, 2030 నాటికి 5 శాతం కలపాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 5 శాతం కలిపాక కూడా మిగతా 95 శాతం కిరోసినే. ఈలోగా ప్రయాణికులు ఏటా పెరుగుతూనే ఉంటారు. ముందు పెరుగుదాం, తర్వాత శుభ్రం చేసుకుందాం అనే మాట విమానాల విషయంలో చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంకో విచిత్రం తెలుసా? అంతర్జాతీయ విమానం వదిలే కార్బన్ ఏ దేశం పద్దులోనూ పడదు. ఐక్యరాజ్యసమితికి దేశాలు ఇచ్చే లెక్కల్లో దాన్ని విడిగా కింద రాస్తారు గానీ దేశం మొత్తంలో కలపరు. మన ఊరి నుంచి ఎగిరితే భారత్ ఖాతాలో కలవదు, సింగపూర్ ఖాతాలోనూ కలవదు. ఎవరి పద్దులోనూ లేని అప్పును ఎవరు తీరుస్తారు?

సరే, సింగపూర్ మానేసి మనందరం కార్లు తీసి ఊటీకి బయల్దేరితే పాపం పోయినట్టేనా? పోదు. ఆ మాటా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ-పాస్ గురించి మన గ్రూపులో చాలా విసుక్కున్నారు.

మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ వచ్చింది. సీజనులో నీలగిరులకు రోజుకు 20,000 వాహనాలు ఎక్కుతున్నాయని కోర్టు ముందుకు వచ్చిన లెక్క. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలని పరిమితి పెట్టారు. మన పక్క కొండకు మనం పాస్ తీసుకోవాలా అని చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం అది న్యాయంగానే తోచింది. ఆ ఆదేశంలో ఒక చిన్న విషయం గమనించండి. ప్రభుత్వ బస్సుకు పాస్ అక్కర్లేదు. 8,000 కార్లలో నలుగురేసి వెళ్తే 32,000 మంది. అదే 32,000 మంది 50 సీట్ల బస్సుల్లో వెళ్తే 640 బస్సులు చాలు. కొండ మీద గొడవంతా మనుషులతో కాదు, మనుషులు తెచ్చే ఇనుముతో.

కొండ మీద వాళ్లకు మన డబ్బు కావాలి కదా అంటారు. కావాలి. కాటేజీ నడిపేవాళ్లు, టాక్సీ వాళ్లు, వర్కీ అమ్మేవాళ్లు, కారెట్ కట్టలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్లు, అందరూ మన మీద ఆధారపడ్డవాళ్లే. ఆదాయాన్నీ కార్బన్‌నూ ఒకే తక్కెడలో పెట్టి తూచాలని నేను అంటున్నాను. దానికి నేను ఒక కొలత వాడతాను. ఒక లీటరు ఇంధనం కాల్చి ఆ ఊళ్లో ఎన్ని రూపాయలు వదిలాం?

ఒక కుటుంబం పొద్దున్నే కారులో బయల్దేరింది. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. బొటానికల్ గార్డెన్, బోటింగు, పార్కింగు, నాలుగు టీలు, రాత్రికి ఇల్లు. 18 లీటర్ల పెట్రోలు కాలింది, కొండ మీద 2,000 రూపాయలు ఖర్చయిందనుకుందాం. లీటరుకు 110 రూపాయలు. అదే కుటుంబం మూడు రోజులు అక్కడే ఉండి, గదికి, భోజనానికి, కూరగాయలకు, లోకల్ బస్సుకు 12,000 ఖర్చు పెట్టిందనుకుందాం. నాలుగు లీటర్లు ఎక్కువే వేసుకోండి, 22 లీటర్లు. లీటరుకు 545 రూపాయలు. బస్సులో వెళ్తే ఈ అంకె ఇంకా చాలా రెట్లు పెరుగుతుంది. కొండ ఆదాయం తగ్గకుండానే, ఇంకా పెరుగుతూనే కార్బన్ తగ్గే దారి ఇది ఒక్కటే. తక్కువ సార్లు వెళ్లండి, ఎక్కువ రోజులు ఉండండి, కలిసి వెళ్లండి.

ఈ తూకం మా ముసలివాళ్ల చాదస్తం అనుకునేవాళ్లకు ఆ కొండల్లో కురిసిన వానలు గుర్తు చేస్తాను. 2009 నవంబరులో నీలగిరుల్లో కొండచరియలు విరిగి 40 మందికి పైగా చనిపోయారు. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 80 సెంటీమీటర్లకు మించి వాన పడింది. మన కోయంబత్తూరుకు ఏడాది మొత్తం కురిసే వాన కన్నా అది ఎక్కువ. 2024 జూలై 30న కొండకు అవతలి పక్క వయనాడులో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. వందల మంది పోయారు. వేడెక్కిన వాతావరణం వల్ల ఆ రోజు వాన సుమారు 10 శాతం ఎక్కువ తీవ్రతతో కురిసిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన 24 టన్నుల వల్లే కొండ విరిగిందని ఎవరూ అనరు. అలాంటి 24 టన్నులు కోట్ల సార్లు కలిస్తేనే ఆ 10 శాతం వస్తుంది. పైకారా నీళ్లతో ఇల్లు కట్టుకున్నవాళ్లం ఆ కొండ గురించి ఇంకొకరు ఆలోచిస్తారులే అని ఊరుకోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. గ్రూపులో వచ్చినవీ, ఫోన్లో అడిగినవీ.

"అమెరికావాడు మనకు ఏడింతలు వదులుతాడు, ముందు వాణ్ణి ఆపమనండి." సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల దగ్గర వదులుతాడు, నిజమే. దేశాల మధ్య మాట్లాడుకునేటప్పుడు మన ప్రభుత్వం ఈ వాదన గట్టిగా చేయాలి, చేస్తోంది కూడా. కానీ ఆ 2 టన్నుల సగటు ఎవరిది? జన్మలో విమానం ఎక్కని వాళ్లది, ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉన్నవాళ్లది. రెండు కార్లు, మూడు ఏసీలు ఉన్న మనం ఆ సగటు వెనక దాక్కోవడం న్యాయం కాదు. పేదవాడు వాడుకోకుండా మిగిల్చిన వాటాను మనం వాడేసి దేశం పేరు చెప్పుకుంటున్నాం.

"మనం ఎక్కకపోయినా విమానం ఎగురుతుంది." ఆ రోజుకు ఎగురుతుంది. కానీ సీట్లు నిండితేనే కంపెనీ ఇంకో విమానం వేస్తుంది, ఖాళీగా పోతే ఉన్నది తీసేస్తుంది. మన ఊరి నుంచి ఎన్నెన్ని సర్వీసులు వచ్చి పోయాయో మీరే చూశారు. 60 సీట్లంటే విమానంలో మూడో వంతు.

"చెట్లు నాటుదాం." నాటుదాం, తప్పకుండా. ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటుందని సాధారణంగా వేసే లెక్క. 24 టన్నులకు 120 చెట్లు పదేళ్లు బతికి ఎదగాలి. మనం నాటిన మొక్కలు పదేళ్ల తర్వాత ఎన్ని మిగిలాయో మనందరికీ తెలుసు. ఫోటోలు మాత్రం మిగిలాయి.

"మా అమ్మ 74 ఏళ్ల మనిషి, ఒక్కసారీ విమానం ఎక్కలేదు. సంఘంతో కాబట్టి ధైర్యంగా వస్తానంది." ఒక అక్కయ్య అడిగిన ఈ మాటకు నా దగ్గర అంకెలతో జవాబు లేదు. ఆ అమ్మగారు తన జీవితంలో వాడిన కార్బన్ మన మనవళ్లు ఒక్క సెలవుల్లో వాడేస్తారు. ఆమె విమానం ఎక్కాలి. ఆమెకు కావలసింది తోడు. ఆ తోడు సంఘం ఇవ్వాలి, నేనూ వస్తాను. కానీ పేర్లిచ్చిన 60 మందిలో మొదటిసారి ఎక్కేవాళ్లు ఎంతమంది? నేను లెక్క అడిగితే కమిటీ వాళ్లు 7 అన్నారు. మిగతా 53 మందిమి ఆ ఏడుగురి పేరు చెప్పుకుని ఎగరకూడదు.

వద్దనడం తేలిక, బదులు చూపించమని కార్యదర్శి గారు అన్నారు. చూపిస్తున్నాను.

మన ఊరి నుంచి తంజావూరుకు నేరుగా రైలుంది. సుమారు 290 కిలోమీటర్లు. రైలులో మనిషికి కిలోమీటరుకు 10 గ్రాముల దగ్గర పడుతుంది. అక్కడ తిరిగే బస్సు కూడా కలిపినా మనిషికి 10 కిలోలు దాటదు. అంటే సింగపూర్ లెక్కలో నలభయ్యో వంతు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు వందల కొద్దీ ఉన్నాయి. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన ఊరది. పక్కనే తిరువయ్యారు, త్యాగరాజస్వామి సమాధి. ఇంకొంచెం ముందుకు పోతే మెలట్టూరు. నాయకరాజుల కాలంలో తెలుగు కుటుంబాలకు ఇచ్చిన ఆ ఊళ్లో ఈనాటికీ మే నెలలో నరసింహ జయంతికి భాగవత మేళా ఆడతారు. ఆడేవాళ్లు ఇంట్లో తమిళం మాట్లాడతారు, రాత్రంతా తెలుగులో ప్రహ్లాద చరిత్ర పాడతారు.

మన పిల్లల్లో తెలుగు చదవగలిగేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. సంఘం పెట్టుకున్నదే ఆ తెలుగు జారిపోకూడదని. వాళ్లు మెలట్టూరులో ఒక రాత్రి మేలుకుంటే, వందల ఏళ్ల క్రితమే మనలాంటివాళ్లు ఈ నేల మీద ఈ భాషను ఎలా నిలబెట్టుకున్నారో కళ్లతో చూస్తారు. సింగపూర్‌లో చూసే ఎత్తైన మేడలు వాళ్లు ఎలాగూ ఉద్యోగాల్లో చేరాక చూస్తారు.

కాబట్టి సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానాలు ఇవి.

1. ఈ ఏడు యాత్ర మే నెలలో, 4 రాత్రులు, రైలులో, తంజావూరు, తిరువయ్యారు, మెలట్టూరు.

2. ఇక మీదట సంఘం యాత్రకు ప్రతిపాదన పెట్టేవాళ్లు ఖర్చు లెక్కతో పాటు తలకు ఎన్ని కిలోల కార్బన్ అనే అంకె కూడా రాయాలి. ఎలా వేయాలో నేను ఒక కాగితం మీద రాసి ఇస్తాను, అయిదు నిమిషాల పని.

3. సంఘం తరఫున విమానయాత్ర అయిదేళ్లకు ఒకసారికి మించకూడదు. వెళ్తే పది రోజులకు తక్కువ కాకుండా వెళ్లాలి. మొదటిసారి ఎక్కే పెద్దలకు ముందు సీట్లు.

4. ఊటీ, కోత్తగిరి, వాల్పారై వనభోజనాలకు సొంత కార్లు వద్దు. బస్సు సంఘం ఏర్పాటు చేస్తుంది. చంటిపిల్లలు ఉన్నవాళ్లకు, నడవలేని పెద్దలకు మినహాయింపు.

వీటిలో మొదటిది ఓడిపోయినా ఫర్వాలేదు. రెండోది మాత్రం గెలిపించండి. అంకె కళ్లెదురుగా ఉంటే మనవాళ్లు తెలివైన నిర్ణయమే తీసుకుంటారని నా నమ్మకం. మిల్లులో కరెంటు మీటరు పెట్టిన రోజు నుంచే కరెంటు ఆదా మొదలైంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

నా లెక్కల్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే చెప్పండి, ముఖ్యంగా మన ఇంజినీరు తమ్ముళ్లు. సింగపూర్ కావాలనేవాళ్లు కూడా మీ కారణాలు రాయండి. సమావేశానికి మాత్రం అందరూ రండి. పోయినసారి కోరం లేక అరగంట కూర్చున్నాం.

సెలవు.